ఏడాదికి ఒక్కటే జీతం రోజు

మన హాస్టల్ మెస్‌లో ఏ కూర మారినా పప్పు మారదు. సోమవారం పాలకూర పప్పు, మంగళవారం టమాట పప్పు, బుధవారం దాల్ ఫ్రై అని పేరు మార్చుకుని వచ్చే అదే పప్పు. ఆ కందిపప్పు పండే చోట ఒక కుటుంబం ఎట్ల బతుకుతుంది, అక్కడ ఉండిపోతే ముందు ముందు ఏముంటుంది అన్నది ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తున్నాను. నా చదువు మొత్తం ఇంగ్లిష్ మీడియంలోనే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదలు. అక్కడక్కడ మాటలు మా ఊరి యాసలోకి జారితే సర్దుకోండి.

ఈ టాపిక్కే ఎందుకంటే, మా ఇంట్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తున్నది. వికారాబాద్ జిల్లా బషీరాబాద్ మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో మాకు మూడున్నర ఎకరాల నల్లరేగడి ఉంది. నాన్న హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు. భూమి చేసేది మా చిన్నాయన. ఆయనకు ఇద్దరు పిల్లలు, పెద్దోడు ఇంటర్ రెండో సంవత్సరం. భూమి అమ్మి అందరూ హైదరాబాద్ పోవాలా, ఉంచుకుని చేసుకోవాలా? ఉగాది లోపల తేల్చాలె. ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు, లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కద బిడ్డా, నువ్వే తియ్యి లెక్క" అన్నాడు చిన్నాయన. సంక్రాంతి సెలవుల్లో ఆయన పాత నోటుపుస్తకాలు ముందేసుకుని తీసిన లెక్కే ఇది.

ఊరు ఎక్కడ ఉంది

2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా ఏర్పడింది. మనలో చాలామందికి వికారాబాద్ అంటే అనంతగిరి కొండలు, వీకెండ్ ట్రిప్, రిసార్టులు. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. కానీ కొండ దిగి పడమటికి పోతే వేరే ప్రపంచం. ధారూర్, పెద్దేముల్, యాలాల, తాండూరు, బషీరాబాద్ వైపు చెట్లు పలచబడతాయి, నేల నల్లబడుతుంది. కాగ్నా నది ఇటు పారి భీమలో కలుస్తుంది. మా ఊళ్లో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ నాలుగూ వినపడతాయి. పిల్లను ఇవ్వడం, తెచ్చుకోవడం అంతా అటు సేడం, చించోళి దాకా సాగుతుంది.

మారుమూల ఊరే అయినా ఈ ప్రాంతానికి రైలు కొత్త కాదు. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. అంటే తాండూరుకు రైలు వచ్చి 150 ఏళ్లు దాటింది. పట్టాలు పడిన చోట వ్యాపారం వచ్చింది, తాండూరు గంజ్ పెరిగింది. కానీ గంజ్ నుంచి ఇరవై కిలోమీటర్లు లోపలికి పోతే, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సులు తిరిగే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మాది అట్లాంటిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా ప్రాంతంలో నూటికి ఎనభై మందికి పైగా పల్లెల్లోనే ఉన్నారు.

కంది ఇక్కడే ఎందుకు

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. దాని కోసం దరఖాస్తు చేసింది యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. ఇక్కడి లోతైన నల్లనేల, అందులో ఉండే అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగున పరుచుకున్న సున్నపురాయి ఈ మూడూ కలిసి పప్పుకు రుచినీ, త్వరగా ఉడికే గుణాన్నీ ఇస్తున్నాయని గుర్తింపులో చెప్పారు. ఈ కందుల్లో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం దాకా ఉంటాయి. సరిహద్దుకు అవతల కలబురగి కందిపప్పుకు 2019లోనే ఇట్లాంటి గుర్తింపు దొరికింది. గీత మధ్యలో ఉన్నా నేల ఒక్కటే.

రైతు కోణంలో చూస్తే కంది వేయడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ కాలువ లేదు, బోర్లు తక్కువ. వాన నీళ్లను నల్లరేగడి చాలా రోజులు పట్టి ఉంచుతుంది. కంది తల్లివేరు లోతుకు దిగి ఆ తేమను తాగుతుంది. సెప్టెంబర్ తర్వాత వాన లేకపోయినా చెట్టు నిలబడుతుంది. వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. పొట్టు పశువులకు, కట్టె పొయ్యికి. పడేసేది ఏమీ లేదు.

చిక్కు ఎక్కడంటే దాని టైమ్‌లో. మృగశిర కార్తెలో వాన పడితే జూన్‌లో విత్తుతారు. కంది పూతకు రావాలంటే పగటి పొద్దు తగ్గాలి. అంటే అక్టోబర్, నవంబర్. కోత డిసెంబర్ చివర, జనవరి. విత్తు నుంచి గింజ దాకా ఆరు నెలలు పైనే. మధ్యలో శనగ పచ్చపురుగు, మారుకా మచ్చల పురుగు, ఎండు తెగులు. పూత మీద ఉన్నప్పుడు పొగమంచు పడితే పూత రాలుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎండు తెగులును తట్టుకునే 'ఆశ' రకాన్ని తెచ్చాక పరిస్థితి కొంత నయమైంది. ఆ రకం 1993లో విడుదలైంది. కానీ పంట కాలం మాత్రం అంతే పొడుగు.

ఇక్కడే ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ఉంది. ఉద్యోగికి ఏడాదికి పన్నెండు జీతం రోజులు. మా ఊరి రైతుకు ఒక్కటే, జనవరిలో. ఊరి కష్టాలని మనం విడివిడిగా వినేవాటిలో చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

మూడున్నర ఎకరాల లెక్క

వాన సరిగ్గా పడిన ఏడాది మాకు ఎకరానికి ఐదు క్వింటాళ్లు వస్తాయి. 2025–26 సీజన్‌కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంటే ఎకరానికి 40,000. దుక్కి, విత్తనం, కలుపు, మూడు నాలుగు సార్లు మందు కొట్టడం, కోత, మిషన్ పట్టించడం కలిపి చిన్నాయన నోటుపుస్తకంలో ఎకరానికి దాదాపు 18,000 ఖర్చు ఉంది. ఇందులో ఆయన, చిన్నమ్మ చేసే పనికి కూలి కట్టలేదు. మిగిలేది 22,000. మూడున్నర ఎకరాలకు 77,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 6,400.

దీనికి రైతు భరోసా కలపాలి. ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున రెండు సీజన్లూ పడితే 42,000. పీఎం కిసాన్ 6,000. మొత్తం 1,25,000. నెలకు దాదాపు 10,400. అంటే మా భూమి ఆదాయంలో మూడో వంతుకు పైగా ప్రభుత్వం వేసే డబ్బే. 2018 మే నెలలో రైతుబంధు అని మొదలై ఇప్పుడు రైతు భరోసా పేరుతో నడుస్తున్న ఈ సాయం పట్టా ఉన్నవాళ్లకు అందుతుంది. కౌలుకు చేసేవాళ్లకు ఇందులో ఏమీ రాదు, పైగా కౌలు కట్టాలి. మా పక్క చేను కౌలుకు చేసే కుటుంబానికి ఇదే లెక్క వేస్తే నెలకు ఏం మిగులుతుందో మీరే ఊహించండి.

ఇప్పుడు ధర మారితే ఏమవుతుందో చూద్దాం. క్వింటాలు 8,000 బదులు 6,500కు అమ్మితే ధర తగ్గింది 19 శాతమే. కానీ ఖర్చు 18,000 ఎక్కడికీ పోదు. మిగులు 22,000 నుంచి 14,500కు పడుతుంది, అంటే 34 శాతం కోత. వాన ఎగ్గొట్టి రెండు క్వింటాళ్లే వస్తే, మద్దతు ధర దొరికినా ఎకరానికి 2,000 చేతి నుంచి పడుతుంది. ఆ ఏడాది ఇల్లు నడిచేది సర్కారు డబ్బుతోనో, అప్పుతోనో.

జనవరి ఎందుకు చెడ్డ నెల

జీతం రోజు ఒక్కటే అయితే మిగతా పదకొండు నెలలు ఎట్ల? ఉద్దెర. కిరాణా దుకాణంలో ఉద్దెర, మందుల షాపులో ఉద్దెర, ఆస్పత్రి ఖర్చు వస్తే గంజ్‌లో అడ్తి దగ్గర అప్పు. అందరూ ఒకే మాట చెప్తారు: "పంట రాంగనే ఇయ్యి." కాబట్టి కల్లంలో కందులు తూర్పారపట్టిన మూడో రోజే బస్తాలు ట్రాక్టర్ ఎక్కుతాయి. మా ఇల్లొక్కటే కాదు, మా ఊరు, పక్క ఊరు, సరిహద్దుకు అవతల కలబురగి జిల్లా మొత్తం అదే నెలలో అమ్ముతుంది. సరుకు ముంచెత్తినప్పుడు ధర ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

మధ్యలో ఉన్న దళారులు, మిల్లర్లే మొత్తం తినేస్తున్నారని మనం తేలిగ్గా అనేస్తాం. అది ఎంత నిజమో చూద్దాం. మంచి మిల్లులో 100 కిలోల కందులు ఆడిస్తే దాదాపు 70 కిలోల పప్పు వస్తుంది. రైతుకు 8,000 ఇచ్చి కొంటే, కిలో పప్పుకు ముడి సరుకే 114 రూపాయలు. పైన మిల్లు ఖర్చు, సంచి, రవాణా, దుకాణం. ఇప్పుడు మీ ఇంట్లో పప్పు ప్యాకెట్ మీది ధర చూడండి. తేడా ఉంటుంది గానీ ప్రసంగాల్లో చెప్పినంత ఉండదు. అసలు తేడా ఎక్కడంటే, మిల్లువాళ్లు ఏడాది పొడుగునా కొంచెం కొంచెం అమ్ముతారు, రైతు ఒక్క రోజే అమ్ముతాడు. ధర పడినప్పుడు ఆగగలిగేవాడికి నష్టం తక్కువ. మా చిన్నాయన ఆగలేడు.

ధర ఊగే లూప్

మనం కంట్రోల్ సిస్టమ్స్‌లో ఒక మాట వింటాం. ఫీడ్‌బ్యాక్ ఆలస్యంగా వస్తే సిస్టమ్ స్థిరపడదు, ఊగుతుంది. షవర్ కింద నిలబడి వేడి నీళ్ల కుళాయి తిప్పితే, నీళ్లు వెంటనే వేడెక్కవు. ఇంకా తిప్పుతాం. ఒక్కసారిగా కాలుతుంది. కందుల ధర అచ్చం ఇట్లనే.

2015లో దేశంలో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. అది చూసి 2016 జూన్‌లో అందరూ కందే విత్తారు. వాన కూడా కలిసొచ్చింది. దేశంలో కందుల దిగుబడి 2015–16లో దాదాపు 26 లక్షల టన్నులు ఉంటే, మరుసటి ఏడాది 49 లక్షల టన్నులకు చేరింది. ఆ ఏడు మద్దతు ధర బోనస్‌తో కలిపి 5,050. చాలా మార్కెట్లలో దానికి ఎంతో దిగువన అమ్ముకోవాల్సి వచ్చింది. సంగతి ఇంకొకటి ఉంది. ధర పెరిగిన రోజుల్లో, 2016లో, కందులు తెప్పించుకోవడానికి మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. ఇక్కడ పంట పెరిగాక 2017లో దిగుమతుల మీద పరిమితి పెట్టింది. మళ్లీ 2021లో తలుపులు తెరిచింది. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీ నుంచి కందులు వస్తూనే ఉన్నాయి. 2024లో క్వింటాలు పది వేలు దాటింది, 2025 మొదట్లో పలు మార్కెట్లలో మద్దతు ధర కన్నా కిందికి దిగింది.

తినేవాళ్ల కోసం దిగుమతి చేసుకోవడం తప్పని నేను అనడం లేదు. మెస్ బిల్లు కట్టేది మనమే కదా. కానీ ఈ లూప్‌లో ఆలస్యం మొత్తం భరించేది ఒక్క రైతే. జూన్‌లో విత్తేటప్పుడు జనవరి ధర ఎవరికీ తెలియదు, విత్తాక మార్చుకోలేడు. 2025 బడ్జెట్‌లో కంది, మినుము, మసూరు పప్పులను నాలుగేళ్ల పాటు రైతులు ఎంత తెచ్చినా కేంద్ర సంస్థలు కొంటాయని ప్రకటించారు. ఆ మాట కొనుగోలు కేంద్రం దాకా, జనవరి మొదటి వారం దాకా వచ్చి నిలబడితే ఈ ఊగడం చాలా తగ్గుతుంది. కేంద్రం ఫిబ్రవరిలో తెరిస్తే, డబ్బు ఏప్రిల్‌లో పడితే, అప్పటికే అడ్తి దగ్గర పంట అయిపోయి ఉంటుంది.

నేల అడుగున ఉన్న రెండో పంట

తాండూరు పేరు చెప్పగానే చాలామందికి కందుల కన్నా ముందు గుర్తొచ్చేది బండలు. తెలుగు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లలో కింద పరిచిన నీలం, పసుపు నాపరాయి ఇక్కడిదే. అవతలి వైపు తీస్తే దాన్నే షాబాద్ బండ అంటారు. పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి కాబట్టి పలకలుగా సులువుగా విడిపోతుంది. అదే రాయి మీద ఆధారపడి తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. కరణ్‌కోట్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ అందులో ఒకటి.

ఊరి లెక్కలో ఈ బండల విలువ వేరే. గనిలో, పాలిష్ యూనిట్‌లో కూలి వారం వారం చేతికొస్తుంది. అంటే ఏడాదికి 52 జీతం రోజులు. అందుకే ఈ చుట్టుపక్కల బండల పని దొరికే ఊళ్లలో అప్పులు కాస్త తక్కువ, ముంబై, పుణె వలసపోయే కుటుంబాలు తక్కువ అని మా చిన్నాయన అంటాడు. బండల పనికి దూరంగా ఉన్న తండాల్లో కోత కాగానే ఇళ్లకు తాళాలు పడతాయి. మృగశిరకు మళ్లీ తెరుచుకుంటాయి. పిల్లల బడి ఆ తాళాలతో పాటే.

కానీ బండ ఊరికే రాదు. పాలిష్ దగ్గర దుమ్ము, బురద. గనులు తవ్వి వదిలేసిన గుంతలు. లారీల బరువుకు చితికిపోయిన రోడ్లు. గని కింద పోయిన నల్లరేగడి మళ్లీ కందికి రాదు. మాకు వారం కూలి కావాలి, కానీ ఊపిరితిత్తుల ఖర్చు మీద కాదు. నీళ్లు చల్లుతూ కోసే మిషన్లు, మాస్కులు, గుంతలు పూడ్చడం లాంటివి రాకెట్ సైన్సేమీ కాదు.

అమ్మితే ఏమొస్తుంది

ఇక మా ఇంటి ప్రశ్నకు వద్దాం. హైదరాబాద్ పెరుగుతున్న కొద్దీ వికారాబాద్ వైపు భూమికి గిరాకీ పెరిగింది. మా చేనుకు ఒకాయన ఎకరానికి 20 లక్షలు అన్నాడు. మూడున్నర ఎకరాలకు 70 లక్షలు. చిన్నాయన వాటా 35 లక్షలు. బ్యాంకులో ఆరున్నర శాతానికి వేస్తే నెలకు దాదాపు 18,950 వడ్డీ. వాన పడినా పడకపోయినా వస్తుంది. మందు కొట్టే పని లేదు, పొగమంచు భయం లేదు. ఊళ్లో వచ్చేది 10,400. ఎక్సెల్ షీట్ చూస్తే సమాధానం స్పష్టంగా ఉంది: అమ్మెయ్యి.

ఈ లెక్కను దాచి, "భూమి తల్లి, అమ్మరాదు" అని రాస్తే వ్యాసం బాగుంటుందేమో గానీ నిజం కాదు. అయితే షీట్‌లో ఇంకొన్ని వరుసలు ఉన్నాయి. హైదరాబాద్‌లో రెండు గదుల కిరాయి. పాలు, కూరగాయలు, పప్పు అన్నీ కొనుక్కోవడం. పదేళ్లకు ఆ 35 లక్షల విలువ తగ్గిపోవడం. అన్నిటికన్నా ముఖ్యం, మా ఊళ్లో అమ్మినవాళ్ల డబ్బు బ్యాంకులో ఎన్నాళ్లు ఉంది అన్నది. ఇల్లు, పెళ్లి, కారు. ఎక్కువమంది దగ్గర మూడు నాలుగేళ్లలో అయిపోయింది. ఊళ్లో పెద్దరైతు అనిపించుకున్న ఒకాయన ఇప్పుడు శంకర్‌పల్లి దగ్గర ఒక వెంచర్‌కు వాచ్‌మన్.

ఇంకో వైపు, చిన్నమ్మ అన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. "ఊళ్లె ఉండి యవుసం జేస్తడంటే మా పెద్దోనికి పిల్లనెవరిస్తరు?" దీనికి ఏ ఫార్ములా లేదు. పిల్లల చదువు కూడా అంతే. డిగ్రీ, ఇంజినీరింగ్ అంటే సోమవారం పొద్దున్నే సంచి సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కాలి. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున అట్ల బయల్దేరిన తాండూరు బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. సెలవులకు ఇంటికొచ్చి కాలేజీలకు తిరిగి పోతున్న పిల్లలు అందులో ఉన్నారు. ఆ రోడ్డు వెడల్పు పని అప్పటికి ఏళ్ల తరబడి ఆగి ఉండింది. చదువు ఊరికి దగ్గరగా ఉండటం అన్నది మా వైపు ప్రాణాలకు సంబంధించిన విషయం.

8,550 రూపాయలు

అమ్మితే వచ్చేదానికీ, ఉంటే వచ్చేదానికీ నెలకు తేడా 8,550. నాకు ఈ అంకె చూసినప్పుడు ఒక రకంగా ధైర్యం వచ్చింది. ఒక కుటుంబం ఊళ్లో నిలబడటానికి కావల్సింది కోట్ల పెట్టుబడి కాదు, నెలకు ఎనిమిదిన్నర వేల రెండో ఆదాయం. అది కూడా జనవరిలో కాకుండా వేరే నెలల్లో రావాలి. అది ఎక్కడినుంచి రావొచ్చో చిన్నాయన, నేను కలిసి వెతికాం.

మొదటిది, కంది సాళ్ల మధ్య పెసర. అరవై డెబ్భై రోజుల్లో కోతకొస్తుంది, కంది అప్పటికి ఇంకా చిన్నగానే ఉంటుంది. ఎకరానికి క్వింటాలు చొప్పున, క్వింటాలు 8,000 అనుకున్నా, ఖర్చు 8,000 తీసేస్తే ఏడాదికి 20,000. నెలకు 1,650. పైగా అది ఆగస్టు, సెప్టెంబర్‌లో వస్తుంది. కంది మందుల ఖర్చుకు ఉద్దెర పెట్టనక్కర్లేదు.

రెండోది, రెండు బర్రెలు. పొట్టు, జొన్న చొప్ప ఇంట్లోనే ఉంటాయి. రోజుకు ఆరు లీటర్లు పోస్తే, లీటరుకు 50 చొప్పున నెలకు 9,000. దాణా ఖర్చు సగం తీసేసి, వట్టిపోయిన నాలుగు నెలలు లెక్కలోకి తీసుకుంటే సగటున నెలకు 3,000. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది, అదే దాని అసలు లాభం.

మూడోది, ఆగి అమ్మడం. మార్కెట్ కమిటీ గోదాములో పంట పెట్టి, దాని మీద అప్పు తీసుకుని అవసరం గడుపుకోవచ్చు. గోదాము రసీదును బ్యాంకులు ఒప్పుకునేందుకు 2007లోనే చట్టం వచ్చింది. క్వింటాలుకు 700 ఎక్కువ వచ్చినా 17 క్వింటాళ్ల పైన ఏడాదికి 12,000, నెలకు 1,000. ఎప్పుడూ పెరుగుతుందని గ్యారంటీ లేదు, తగ్గే ఏళ్లు కూడా ఉంటాయి.

నాలుగోది, పప్పు చేసి అమ్మడం. మా అవ్వ కాలంలో కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో విసిరేవాళ్లు. పుచ్చు పట్టకుండా ఉండటానికి ఎర్రమన్ను. ఇప్పుడు చిన్న మిల్లులు ఉన్నాయి. మూడు క్వింటాళ్లు పప్పు చేయించి, తెలిసినవాళ్లకు కిలో 150కి అమ్మితే, కందులుగా అమ్మినదాని కన్నా ఏడాదికి 7,500 ఎక్కువ. నెలకు 600. జీఐ ట్యాగ్ ఉన్నందుకు ఇది మంచి దారే, కానీ ఒక్క ఇల్లు చేస్తే వచ్చేది ఇంతే. యాలాలలో లాగా రైతులు కంపెనీగా కలిసి, పేరు ముద్రించిన ప్యాకెట్ మీద అమ్మితేనే ఈ అంకె పెద్దదవుతుంది. కర్ణాటక ప్రభుత్వం కందుల కోసం ప్రత్యేకంగా ఒక బోర్డే పెట్టుకుంది.

నాలుగూ కలిపితే 6,250. ఇంకా 2,300 తక్కువ. ఆ మిగతాది కూలి నుంచో, తాండూరులో చిన్న ఉద్యోగం నుంచో రావాలి. చిన్నమ్మ టైలరింగ్ చేస్తుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి తాండూరు పోయి రావడానికి ఖర్చు లేదు. కానీ మా ఊరి బస్సు పొద్దున పోయేది తొమ్మిదిన్నరకు, తిరిగొచ్చేది నాలుగున్నరకు. ఎనిమిది గంటల పని ఆ టైమ్‌లో పట్టదు. టికెట్ ఉచితం అయినా బస్సు లేకపోతే ఏం లాభం? మా లెక్కలో మధ్యాహ్నం ఒక బస్సు, రాత్రి ఏడింటికి ఒక బస్సు నెలకు 2,300తో సమానం.

సాగునీరు వస్తే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నారాయణపేట–కొడంగల్ పథకానికి 2024 ఫిబ్రవరిలో జరిగింది. మా చేనుకు ఇప్పటికైతే వాన నీళ్లే. అందుకని షీట్‌లో నీళ్ల వరుస ఖాళీగా పెట్టాను, వచ్చినప్పుడు నింపుకుంటాం.

ఈ లెక్క నాన్న, చిన్నాయన ఇద్దరి ముందూ పెట్టాను. ఇప్పటికైతే అమ్మడం లేదు. ఉగాది లోపు రెండు బర్రెలు, జూన్‌లో పెసర విత్తనం, వచ్చే జనవరిలో పది క్వింటాళ్లు గోదాముకు. ఆ అప్పు దొరికేదాకా కిరాణా, మందుల బాకీ నాన్న కడతాడు. వచ్చే సంక్రాంతికి మళ్లీ కూర్చుని అంకెలు చూస్తాం. 8,550లో సగం కూడా రాకపోతే అప్పుడు అమ్మే మాట మళ్లీ వస్తుంది, అప్పుడు ఎవరూ అడ్డు చెప్పకూడదని ఒప్పుకున్నాం. చిన్నాయన పెద్దోడు మాత్రం ఎప్‌సెట్‌కు చదువుతున్నాడు. వాడు ఊళ్లో ఉండాలని ఎవరూ అనడం లేదు, ఉండాలనుకుంటే ఉండగలగాలి అన్నదే మా ఆశ.

మన క్లాసులో కనీసం సగం మందికి ఎక్కడో ఒక ఊళ్లో కొంచెం భూమి ఉంది. అది శనగ కావొచ్చు, పత్తి కావొచ్చు, వరి కావొచ్చు. ఈసారి ఇంటికి పోయినప్పుడు చేసేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి: డబ్బు ఏ నెలలో వస్తుంది? అప్పు ఏ నెలలో మొదలవుతుంది? పంట అమ్మకుండా ఎన్ని రోజులు ఆగగలరు? ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు? జవాబులు రాసుకుని రండి. లిటరరీ క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో నా షీట్ పెడతాను, మీ అంకెలు మీరే వేసుకోవచ్చు.